తవీత మాట, నా నోట

మా హైస్కూల్లో ఎవరు ఏ ఊరు వెళ్లొచ్చినా స్టాఫ్ రూములో ఒక పూట ఆ ఊరి కబుర్లు చెప్పాలి. మా హెడ్మాస్టరు గారు పెట్టిన పద్ధతి అది. దీపావళి వెళ్లిన రెండు వారాలకి నేను సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లొచ్చాక నన్నూ అడిగారు. చార్మినార్ ఎక్కావా, బిర్యానీ ఎక్కడ తిన్నావు, ముత్యాలు ఎంత చెప్పారు అని. తలనొప్పిగా ఉందని తప్పించుకున్నాను. నిజానికి నేను చార్మినార్ వైపే వెళ్లలేదు. పాతబస్తీలో గౌలిపుర, మాదన్నపేట, చాంద్రాయణగుట్ట, ఈ మూడింటి మధ్యే తిరిగాను. అక్కడ జరిగింది నలుగురి ముందు నోటితో చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

నా పేరు అప్పలరాజు. అనకాపల్లి దగ్గర వ్యాయామం పంతుల్ని. తొమ్మిదేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. ఆ క్లబ్బు ఇప్పుడు లేదు. నాతోపాటు అక్కడ ఆడినవాడు తవీత. సమోవా దేశస్థుడు. న్యూజిలాండ్‌కి బాగా పైన, పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న చిన్న దేశం అది. మేమిద్దరం గౌలిపురలో మల్లేశన్న అనే పాల వ్యాపారి ఇంటి మీది గదిలో ఏడాదిన్నర కలిసి ఉన్నాం.

అక్టోబరులో తవీత నుంచి ఫోనుకి సందేశం వచ్చింది. కోచ్‌ల శిక్షణకి ఢిల్లీ వస్తున్నాడట. అది అయ్యాక మూడు రోజులు హైదరాబాద్‌లో ఉంటాడట. "మల్లేశ్ ఇంట్లో నాకొక పని ఉంది. నువ్వు వచ్చి మాట సాయం చెయ్యాలి" అని రాశాడు. చదివి ఫోను బోర్లా పెట్టేశాను. నా భార్య ఎవరని అడిగితే పాత స్నేహితుడు అన్నాను. పాత అన్నంతవరకు నిజం.

ఎందుకంటే తవీత ఆట హైదరాబాద్‌లో ఆగిపోవడానికి కారణం నేను. అతని కుడి మోకాలి లోపల గుజ్జు చిరిగింది. ఆ సంగతి క్లబ్బుకి తెలియకుండా దాచాడు. రోజూ సాయంత్రం గదిలో ఐస్ పెట్టుకునేవాడు. ఆ సంగతి తెలిసింది నాకూ, ఐస్ తెచ్చిచ్చే మల్లేశన్నకీ. తవీత ఆడే చోటే నాదీ. అతను బాగున్నన్నాళ్లూ నేను బెంచీ మీదే. ఒక రోజు మేనేజరు తన కారులో నన్ను దింపుతూ "మీవాడు ఫిట్‌గానే ఉన్నాడా" అన్నాడు. "సాయంత్రాలు ఐస్ పెట్టుకుంటున్నాడు సార్" అన్నాను. అంతే. మర్నాడు స్కానింగ్ తీయించారు. నాలుగో రోజు అతని చేతిలో విమానం టికెట్ పెట్టారు.

కాచిగూడలో దిగాక

తెల్లారి కాచిగూడలో దిగేసరికి నా సంచి అడుగు జిడ్డుగా ఉంది. మల్లేశన్న వాళ్లకని మాడుగుల హల్వా రెండు డబ్బాలు పట్టుకెళ్లాను. ఒక డబ్బా మూత ఊడి నెయ్యంతా చొక్కాలకి పట్టింది. ఆ మూడు రోజులూ నేను ఎక్కడ నిలబడ్డా నెయ్యి వాసనే.

స్టేషన్ బయట ఆటోవాడు చాంద్రాయణగుట్టకి మూడు వందలు అన్నాడు. ఎక్కాను. కాసేపయ్యాక అద్దంలో చూస్తూ "ఆంధ్రనా అన్నా?" అన్నాడు. మాట విని పట్టేశావా అంటే, "మాట ఇంకా ఇనలే. బేరం చెయ్యకుండ ఎక్కినవ్ గద" అన్నాడు. మా ఊళ్లో ఆటో అంటే పది మంది ఎక్కి తలా పదిహేను ఇచ్చేది. ఒక్కడే ఎక్కి బేరమాడడం మాకు అలవాటు లేదు. ఇక్కడ బేరమాడకుండా ఎక్కేవాణ్ణి చూసి జాలిపడతారు.

చాంద్రాయణగుట్ట, ఫ్లైఓవర్ దగ్గర

ఫ్లైఓవర్‌కి ఎదురుగా ఉన్న లాడ్జిలో తవీత ముందే దిగి ఉన్నాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. జుట్టు పలచబడింది. నడుముకి పూల అచ్చు లుంగీ. వాళ్ల దేశంలో ఆడా మగా అందరూ కట్టేదే అది. పండక్కి ఒకటి, పనికి ఒకటి, చర్చికి ఒకటి. అప్పట్లో గౌలిపుర గల్లీలో అతను త్వరగా కలిసిపోవడానికి సగం కారణం ఆ లుంగీయే. మిగతా సగం, గడప బయట చెప్పులు విప్పడం. వాళ్లదీ మన పద్ధతే. కింద కూర్చున్నప్పుడు ఎదుటివాళ్ల వైపు కాళ్లు చాపితే వాళ్ల పెద్దవాళ్లు కూడా కోప్పడతారట.

నన్ను చూడగానే ఎముకలు విరిగేలా కావలించుకున్నాడు. "నువ్వు తీపి వాసన వస్తున్నావు" అన్నాడు ఇంగ్లీషులో. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. నేను నవ్వాను. ఆ కౌగిట్లో నాకు ఊపిరి సరిగా ఆడలేదు.

ఎదురుగా హోటల్లో పాయా, రొట్టె తింటూ తన కథ చెప్పాడు. కొంత నాకు తెలుసు. సముద్రం పక్కన పల్లెలో పుట్టాడు. ఊరి మగపిల్లలందరూ రగ్బీయే ఆడేవారు. గుండ్రటి బంతి పట్టుకున్నందుకు మేనమామ ఇతన్ని ఏడిపించేవాడట. పదిహేడో ఏట న్యూజిలాండ్‌లో ఉన్న పిన్ని దగ్గరికి పోయాడు. పగలు మాంసం కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసేవాడు, సాయంత్రం ఒక క్లబ్బులో ఆడేవాడు. అక్కడి నుంచి సొంత దేశం జట్టుకి పిలుపు వచ్చింది. దేశం చొక్కా వేసుకుని ఆడిన మొదటి ఆటలో ఎనిమిది గోల్స్ తేడాతో ఓడారు. "అయినా ఆ చొక్కా వారం రోజులు విప్పలేదు" అన్నాడు. ఆట ఒక్కటే జీతంగా బతికింది మాత్రం హైదరాబాద్‌లోనే. ఆ ఏడాదిన్నరే.

తర్వాత సంగతులు నాకు కొత్త. ఇక్కడి నుంచి వెళ్లాక మళ్లీ కోల్డ్ స్టోరేజీలోనే చేరాడు. రెండేళ్లకి గానీ ఆపరేషన్ కుదరలేదు. ముప్పై రెండో ఏట కింది తరగతి క్లబ్బులో మళ్లీ ఆడి చూశాడు. ఆరు ఆటల తర్వాత తనే బూట్లు విప్పేశాడు. ఇప్పుడు సమోవాలో ఓడరేవులో ఉద్యోగం. సాయంత్రాలు ఆడపిల్లల జట్టుకి కోచ్.

"నీకు ఇంకా నొప్పి ఉందా?" అని అడిగాను.

"వాన వచ్చే ముందు చెబుతుంది" అని మోకాలు తట్టాడు. "మా ఊళ్లో చేపలవాళ్లు నన్ను అడిగి పడవ తీస్తారు."

మాదన్నపేట మార్కెట్

రెండో రోజు పొద్దున తవీత చేమదుంపలు కొనాలన్నాడు. వాళ్లకి అదే అన్నం. మాదన్నపేట కూరగాయల మార్కెట్‌కి వెళ్లాం. నేను చేమదుంపలు అంటే అమ్మే ఆవిడకి అర్థం కాలేదు. వేలు పెట్టి చూపిస్తే "చామగడ్డలా, గట్ల చెప్పు మరి" అంది. కిలో అరవై. మా దగ్గర నలభై. తవీత ఒక దుంప అరచేతిలో పెట్టుకుని చూసి, తమ దేశంలో ఒక్క దుంప ఇద్దరికి సరిపోతుందని చేతులతో కొలిచి చూపించాడు. ఆవిడ నా వైపు చూసి, "గాయన గప్పాలు కొడుతుండా?" అని అడిగింది. నిజమే అన్నాను. ఆకులు కూడా కావాలంటే ఎప్పుడూ ఎవరూ అడగరని ఒక కట్ట ఊరికే ఇచ్చింది. ఆ ఆకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించి మల్లేశన్న ఇంట్లో వండిపెట్టాలని అతని ఆలోచన.

కొబ్బరికాయల బండి దగ్గర నీడలో నిలబడ్డప్పుడు, వచ్చిన పని చెప్పాడు.

"మా జట్టులో ఒక అమ్మాయి మడమ వాచినా దాచిపెట్టి ఆడుతోంది. దాని స్నేహితురాలు వచ్చి నాతో చెప్పింది. మంచి పని చేశావని ఆ పిల్లని మెచ్చుకున్నాను. ఇంటికెళ్లాక మల్లేశ్ గుర్తొచ్చాడు. అతను చేసిందీ అదే కదా. తొమ్మిదేళ్లుగా అతని మీద కోపం మోస్తున్నాను. దించేసి పోదామని వచ్చాను."

నాకు అర్థం కాలేదు. "మల్లేశన్న ఏం చేశాడు?" అన్నాను.

తవీత విచిత్రంగా చూశాడు. "నా మోకాలి సంగతి మేనేజరుకి చెప్పాడు. నువ్వే కదా చెప్పావు. నేను సామాను దించుతూ, ఎవరు చెప్పి ఉంటారు అని అడిగాను. మల్లేశ్ రోజూ పొద్దున మేనేజరు ఇంటికి పాలు పోస్తాడు కదా అన్నావు. మెట్ల మీద."

మెట్లు గుర్తొచ్చాయి. నా చేతిలో అతని బూట్ల సంచి గుర్తొచ్చింది. ఆ మాట కూడా గుర్తొచ్చింది.

చదివేవాళ్లు నమ్మకపోవచ్చు. మేనేజరుకి నేను చెప్పింది తొమ్మిదేళ్లలో ఏ రోజూ మరిచిపోలేదు. దానికి నాలో నేను సంజాయిషీలు కూడా తయారుచేసుకున్నాను, అతని కాలు బాగు కోసమే కదా అని. కానీ మెట్ల మీద అన్న రెండో మాటని పూర్తిగా మరిచిపోయాను. ఎక్కడ పాతిపెట్టానో నాకే తెలియకుండా పాతేశాను.

అప్పుడే, ఆ కొబ్బరికాయల బండి దగ్గరే చెప్పేస్తే సరిపోయేది. "కొబ్బరికాయలు ఎన్ని కావాలి?" అని అడిగాను. మూడు అన్నాడు.

గౌలిపుర, మల్లేశన్న వాకిట్లో

గల్లీ పెద్దగా మారలేదు. ఇళ్లు ఒక అంతస్తు పెరిగాయి. ఒకప్పుడు మల్లేశన్నకి పద్నాలుగు బర్రెలు ఉండేవి, ఇప్పుడు రెండు. దీపావళి మర్నాటి సదర్‌కి, అంటే ఇక్కడి యాదవులు దున్నపోతులని అలంకరించి ఊరేగించే పండక్కి, కట్టిన రంగు దండ ఒకటి ఇంకా కొట్టం గుంజకి వేలాడుతోంది.

మల్లేశన్న భార్య యాదమ్మ గుమ్మంలోనే నిలబడి తవీతని పైనుంచి కింద దాకా చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. మొదట్లో క్లబ్బువాళ్లు ఫోన్లో రాజు, తవీత వస్తారని చెబితే, రాజు, సవిత అనుకుని కొత్త మొగుడూ పెళ్లాలు దిగుతున్నారని పసుపు కుంకుమ సిద్ధం చేసిందట. అప్పట్లో ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడు మళ్లీ చెప్పింది.

తవీత మేమెవరం వద్దన్నా వినకుండా వంటింట్లో దూరి ఆకుల కూర ఉడికించాడు. యాదమ్మ జొన్నరొట్టెలు, తలకాయ కూర చేసింది. ఈ ఇంట్లో వద్దన్నాక రెండుసార్లు వడ్డిస్తారు. మా వైపు ఒకసారే. తవీత అన్నిసార్లూ తిన్నాడు. వాళ్ల అమ్మాయి మంజుల డ్యూటీ నుంచి వచ్చి తలుపు పక్కన నిలబడింది. చాంద్రాయణగుట్టలో ఒక ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పనిచేస్తుందని యాదమ్మ చెప్పింది. నాకు తెలిసిన మంజుల తెలుగు మీడియంలో ఇంటర్ చదువుతూ మమ్మల్ని చూస్తే తలుపు చాటుకి పోయే పిల్ల.

చేతులు కడుక్కుని వాకిట్లో మంచాల మీద కూర్చున్నాక తవీత గొంతు సర్దుకున్నాడు. "రాజూ, ఇప్పుడు చెప్పు. నా మోకాలి సంగతి నువ్వు చెప్పావని నాకు తెలుసు మల్లేశ్. చాలా ఏళ్లు కోపంగా ఉన్నాను. ఇప్పుడు లేదు. మనసారా క్షమించాను."

అందరూ నా వైపు చూశారు. నేను తెలుగులో అన్నాను: "నీ ఇంట్లో ఉన్న రోజులు ఎప్పటికీ మరిచిపోలేనన్నా అంటున్నాడు."

మల్లేశన్న చేతులు జోడించాడు. తర్వాత అన్నాడు: "భాయ్‌కి చెప్పు. పోయిన నాడు మా దిక్కు సూడకుండనే మెట్లు దిగి ఆటో ఎక్కిండు. ఈమె గా రోజు కూర చేసి పెట్టింది. అట్లనే ఉండె. ఏం తక్కువ చేసినం, ఏం తప్పు చేసినం అని మస్తు ఫికర్ చేసినం. ఇయ్యాల ఇంటికొచ్చి తిన్నడు, గంతే చాలు."

తవీత అడిగాడు: "ఏమంటున్నాడు?"

"తప్పయిపోయింది, మన్నించమంటున్నాడు" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. వచ్చింది. తవీత లేచి మల్లేశన్నని కావలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. యాదమ్మ ఏడ్చింది. నేను చేసిన మొదటి తప్పుకి సాకుగా ఇరవై ఏడేళ్ల వయసు, ఆట మీద ఆశ ఉన్నాయి. ఈ తప్పుకి ఏమీ లేవు. ఒక పూట పరువు నిలుపుకోవడానికి, ఏ తప్పూ చేయని మనిషి చేత క్షమాపణ చెప్పించాను.

తల ఎత్తితే మంజుల తలుపు పక్క నుంచి నన్నే చూస్తోంది.

ఆదివారం, మళ్లీ ఫ్లైఓవర్ దగ్గర

మూడో రోజు ఆదివారం. తవీత తెల్ల చొక్కా, నల్ల లుంగీ కట్టుకుని అప్పట్లో వెళ్లే చిన్న చర్చికి పోయాడు. అతను అటు వెళ్లగానే నా ఫోను మోగింది. "అన్నా, నేను మంజులను. జర కిందికి దిగు."

లాడ్జి ముందు టీ బండి పక్కన ఆసుపత్రి చీరలో నిలబడి ఉంది. టీ తాగుతావా అంటే తల అడ్డంగా ఊపింది.

"మా బాపు ఎప్పుడు సారీ అన్నడు అన్నా?"

నేను టీ బండి వైపు చూశాను.

"ఇప్పుడు నాకు ఇంగ్లీష్ వస్తది. రోజంత గదే మాట్లాడుత. తవీత అన్న ఏమన్నడో ఇన్న. నువ్వు మా బాపుకి ఏం చెప్పినవో ఇన్న. మోకాలి సంగతి మా బాపు చెప్పలే. గాయన అసలు మేనేజర్ మొకం గూడ సూడలే, గేట్ కాడ గిన్నెల పోసి వచ్చేది. మరి ఎవరు చెప్పిండ్రు?"

"నేనే."

ఆమె మొహంలో ఆశ్చర్యం కనబడలేదు. "రాత్రంత అదే అనుకున్న" అంది. "నేను చెప్పొచ్చు. ఇద్దరికీ చెప్పొచ్చు. గానీ నేను చెప్తే నువ్వు దొరికినట్టు అయితది. నువ్వు చెప్తే చెప్పినట్టు అయితది. సాయంత్రం ఆయనకు ఫ్లైట్ ఉంది. నాకు రెండింటికి డ్యూటీ అయిపోతది." బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

నా కంటే పదేళ్లు చిన్నది. నిజానికి నేను ఆమెకి అప్పటికే దొరికిపోయాను. అయినా ఒక పూట గడువు ఇచ్చి నా పరువు కాస్త మిగిల్చింది. అది ఇంకా సిగ్గనిపించింది.

తవీత చర్చి నుంచి పాట ఏదో కూనిరాగం తీస్తూ వచ్చాడు. రోడ్డు పక్కనే, బస్సుల మోతలో చెప్పాను. కారులో మేనేజరు అడిగింది, నేను అన్నది, మెట్ల మీద అన్నది, నిన్న రెండు వైపులా అన్నది. ఏదీ దాచలేదు. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

అతను వింటూ నేల చూస్తున్నాడు. చివరికి "పాలు పోస్తాడు కదా అన్నప్పుడు, నువ్వే చెప్పావని నీకు తెలుసు" అన్నాడు. ప్రశ్న కాదు.

"తెలుసు."

వెనక్కి తిరిగి నడిచాడు. నేను వెంట వెళితే, తిరగకుండానే చెయ్యి వెనక్కి చాపి అరచెయ్యి చూపించాడు. ఆగిపోయాను. గంటకి పైగా టీ బండి దగ్గరే నిలబడ్డాను. టీవాడు జాలిపడి బెంచీ ఖాళీ చేయించాడు. కూర్చోలేకపోయాను.

తవీత ఎటు తిరిగాడో, కుంటుతూ వచ్చాడు. "ఆటో పిలువు. మల్లేశ్ ఇంటికి" అన్నాడు. నేను వెనక ఎక్కాను. అతను ముందు డ్రైవరు పక్కన ఎక్కాడు. అంత మనిషి, ఒక కాలు బయటికి వేలాడేసి, చువ్వ పట్టుకుని గౌలిపుర దాకా అలాగే కూర్చున్నాడు. డ్రైవరు రెండుసార్లు "వెనక్కి కూసోండ్రి సార్" అన్నాడు. అతను వినిపించుకోలేదు. వెనక సీటంతా నాకొక్కడికే ఉంది.

గల్లీలో చివరి మాటలు

మంజుల అప్పటికే ఇంట్లో ఉంది. మల్లేశన్న బర్రెలకి దాణా కలుపుతున్నాడు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

తవీత మంచం ఎక్కలేదు. నొప్పి కాలు మడవలేక మడుస్తూ మల్లేశన్న ఎదురుగా నేల మీద కూర్చుని, నుదురు ఆయన మోకాళ్లకి ఆనించాడు. మల్లేశన్న కంగారుగా "లే భాయ్, ఏంది గిది, లే" అని భుజాలు పట్టుకున్నాడు. తవీత లేవలేదు. అలాగే మాట్లాడాడు. ఒక్కొక్క వాక్యం ఆగి, నేను చెప్పేదాకా చూసి, తర్వాతది చెప్పాడు.

ఈసారి అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. నా మోకాలి సంగతి నువ్వే చెప్పావని తొమ్మిదేళ్లు నమ్మాను. అందుకే ఆ రోజు నీ మొహం చూడకుండా వెళ్లిపోయాను. నిన్న నిన్ను క్షమిస్తున్నానని చెప్పడానికి వచ్చాను. నువ్వు ఏమీ చెయ్యలేదు. నన్ను మన్నించు. ఇంతవరకు బాగానే వచ్చింది. తర్వాత అతను నా వైపు చూపించి, "చెప్పింది ఇతను" అన్నాడు. దాన్ని తెలుగులోకి మార్చాలి.

"చెప్పింది నేనన్నా" అన్నాను. "నీ పేరు పెట్టింది కూడా నేనే. నిన్న నీ మాట మార్చింది కూడా."

మల్లేశన్న నా వైపు తిరిగాడు. దాణా అంటిన వేళ్లు ఒకదాన్నొకటి రుద్దుకున్నాడు.

"ఎందుకు చెప్పినవ్?"

"ఆ చోట్లో నేను ఆడాలని."

"ఆడినవా?"

"పదకొండు ఆటలు."

"గెలిచిండ్రా?"

"మూడు."

"మూడు" అన్నాడు తనలో తాను. "సరే, గది ఆశ. అందరికీ ఉంటది. నా పేరు ఎందుకు పెట్టినవ్? గది చెప్పు."

"నోటికి వచ్చేసిందన్నా."

"ఊకెనే రాదు రాజన్నా" అన్నాడు. గొంతు పెంచలేదు. "పాలోడు గద, ఏమన్న నడుస్తది అనుకున్నవ్. సదువుకున్నోడు ఎవరన్న నా జాగల ఉంటే ఆయన పేరు వచ్చేదా నీ నోటికి?"

ఆయన అన్నది నిజం. ఏడాదిన్నర ఆయన తెచ్చిచ్చిన పాలు తాగి, జ్వరం వస్తే ఆయన బండి మీద ఆసుపత్రికి వెళ్లి, ఆయన పేరే అందరికంటే చవగ్గా నా నాలిక మీదికి వచ్చింది.

తవీత ఏదో అన్నాడు. నేను తెలుగులో మొదలుపెట్టబోతే మంజుల ముందుకొచ్చింది. "ఇగ నువ్వు కూసో అన్నా. నేను చెప్త" అంది.

గోడవారన ఉన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. వాళ్లు ముగ్గురూ, మధ్యలో యాదమ్మ, మాట్లాడుకున్నారు. ఏడ్చారు, కాసేపటికి నవ్వారు కూడా. మల్లేశన్న తవీత మోకాలు ఒళ్లో పెట్టుకుని, బర్రెలకి రాసే నూనె తెప్పించి రుద్దాడు. అప్పట్లోనూ అలాగే రుద్దేవాడు. యాదమ్మ అన్నం పెట్టింది. నాకూ పెట్టింది. కూర ఒకసారే వేసింది. రెండోసారి అడగలేదు.

నాలుగింటికి తవీత విమానాశ్రయానికి పోయే కారు గల్లీ చివరికి వచ్చింది. సామాను నేను పట్టుకున్నాను, వద్దనలేదు. డిక్కీ వేశాక నా ఎదురుగా నిలబడ్డాడు. మోకాలి సంగతి చెప్పినందుకు తనకి కోపం లేదన్నాడు. అది ఎవరో ఒకరు చెప్పాల్సిందేనట. "చెప్పి పక్కవాడి మీద పెట్టావు. అదీ సంగతి."

"నన్ను క్షమించగలవా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

అతను కొంచెం ఆలోచించాడు. "మల్లేశ్‌ని క్షమించడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. అతను ఏమీ చెయ్యకపోయినా. నువ్వు తొందరపడకు రాజూ" అన్నాడు. చెయ్యి ఇచ్చాడు. కావలించుకోలేదు.

నా రైలు ఆరున్నరకి. ఇంట్లోకి వెళ్లి చెప్పి వస్తే యాదమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. మంజుల తల ఊపింది. మల్లేశన్న మాత్రం గల్లీ మలుపు దాకా నాతో నడిచాడు. దారిలో ఎవరో ఎవరని అడిగితే, "పాత కిరాయిదారు" అన్నాడు. మలుపు దగ్గర ఆగాడు.

"మళ్ల రాకు అని అంటలే" అన్నాడు. "గానీ వచ్చే ముందు ఫోన్ చెయ్యి. ఈమె కోపం తగ్గిందా లేదా చూసి చెప్త. నాది గూడ."

ఇంటికి వచ్చి పంతొమ్మిది రోజులైంది. ఆయన నంబరు ఉంది. ఇంకా చెయ్యలేదు.